అవ్వ బిందె

బిరియానికి పేరుపడ్డ చెన్నూరులో, పెన్న ఒడ్డున ఒక బోదకొట్టం, అందులో కట్టెల పొయ్యి, పొయ్యి పక్కన ఒక అవ్వ ఉన్నారనుకుందాం. డేగిసా ఎక్కినప్పుడల్లా పొగ చాలామటుకు రెండు గొట్టాల్లోంచి బయటికి పోతుంది. నాలుగైదు రవ్వలు మాత్రం కప్పు వైపు లేస్తాయి. అవ్వ తడి గోనెపట్టతో వాటిని అక్కడికక్కడే అదిమేస్తుంది. పట్ట తడపడానికి ఉన్నది ఒకే బిందె. ఖాళీ అయితే బావికి పోయి రావాలి, దానికి చాలాసేపు పడుతుంది.

కడప పెద్ద దర్గా ఉరుసు నాడు గిరాకీ విరగబడింది. యజమాని ఒక డేగిసా ఎక్కించాడు. ఆయనకు చెప్పకుండా కొడుకు ఇంకోటి, వాళ్లిద్దరికీ తెలియకుండా అల్లుడు మూడోది. గొట్టాలు చాలలేదు. రవ్వలు గుంపులుగా లేచాయి. "అబ్బీ, నీళ్లు అయిపోతాండాయి!" అని అవ్వ అరిస్తే ఆ సందట్లో వినేదెవరు? కప్పు అంటుకుంది.

మర్నాడు పంచాయితీ. టౌను నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మూడు డేగిసాలనూ గ్యాస్ స్టవ్ మీద పెట్టి చూపించి, "ఒక్క రవ్వ లేచిందా?" అన్నాడు. అవ్వ నవ్వింది. "సామీ, మా పొయ్యి మీద పెట్టి చూడు."

నీతి: మింగినది లోపల ఏమవుతుందో చూసుకో, నీ బిందె ఎంతో ఎరిగి ఉండు.

ఇది పారాసిటమాల్ కథ. కాలేయం దాన్ని చాలావరకు గ్లూకురోనైడ్‌గా, సల్ఫేట్‌గా మార్చి మూత్రంలోకి తోసేస్తుంది. కొద్దిభాగాన్ని మాత్రం సివైపీ2ఈ1 వంటి ఎంజైములు ఎన్‌ఏపీక్యూఐ అనే రవ్వగా మారుస్తాయి. దాన్ని అణిచేది గ్లూటాథయోన్. అది అడుగంటితే ఎన్‌ఏపీక్యూఐ మైటోకాండ్రియా ప్రొటీన్లకు అతుక్కుంటుంది. ఆక్సీకరణ ఒత్తిడి పెరిగి కణం చస్తుంది. 1973లో అమెరికాలో మిచెల్, జొల్లో బృందం చిట్టెలుకల్లో ఈ వరసలో ముఖ్యభాగం పట్టుకుంది.

గ్యాస్ స్టవ్ పెద్దమనుషులు ల్యాబుల్లోనూ తగులుతారు. తేలిగ్గా పెరుగుతాయని అందరూ వాడే హెప్‌జీ2 కాలేయ కణాల్లో ఆ ఎంజైములు బహు తక్కువ. ఈ దారిన వచ్చే విషం వాటిలో సరిగా బయటపడదు. కాలేయం నుంచి తాజాగా తీసిన కణాల్లోనైతే పడుతుంది.

ఇక ఆ మూడు డేగిసాలు. జ్వరానికో బిళ్ల, జలుబుకో బిళ్ల, ఒళ్లునొప్పులకు ఇంకోటి. మూడింట్లోనూ పారాసిటమాలే ఉండొచ్చు. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు, అంటే 650 మిల్లీగ్రాముల బిళ్లలైతే ఆరు. రోజూ తాగేవాళ్లకు, తిండి లేక నీరసించినవాళ్లకు బిందె ఇంకా చిన్నది. విరుగుడు ఉంది: ఎన్-అసిటైల్‌సిస్టీన్, గ్లూటాథయోన్ తయారీకి కావలసిన సరుకు. మింగిన 8 గంటల్లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. మొదటిరోజు కాస్త వాంతులు తప్ప ఏమీ కనపడకపోవచ్చు గనుక, మోతాదు మించిందని తెలిస్తే, ఒంట్లో బాగానే ఉన్నా సరే, ఖాళీ స్ట్రిప్పులు చేతబట్టుకుని ఆస్పత్రికి పోవాలి.