ఇల్లమ్ముటలోని ధర్మము

ఇల్లు కట్టుటను గురించి మన పెద్దలు చెప్పినన్ని మాటలు ఇల్లమ్ముటను గురించి చెప్పలేదు. శంకుస్థాపనకు ముహూర్తమున్నది, గృహప్రవేశమునకు విందున్నది. అమ్మకమునకు మాత్రము దళారియు, దస్తావేజు వ్రాయువాడును, సబ్ రిజిస్ట్రారు కార్యాలయపు బల్లయును తప్ప వేరు తంతు లేదు. అయినను చెన్నపట్టణమున తరతరములుగా కాపురమున్న మన తెలుగు కుటుంబములలో ఇట్టి అవసరము నేడు తరచుగా కలుగుచున్నది. పిల్లలలో ఒకరు బెంగుళూరున, ఒకరు హైదరాబాదున, మరియొకరు సముద్రము దాటి స్థిరపడుదురు. తాతగారు కట్టించిన ఇంటికి తాళము పడును. కనుక ఈ విషయమున ధర్మమేదియో కొంత విచారించుకొనుట మనకు అవసరమని తోచుచున్నది.

మొదటి ప్రశ్న వెలను గురించినది. అమ్మువాని మనస్సులో ఒక వెల యుండును. తల్లి ముగ్గు పెట్టిన వాకిలి, పెరటిలోని కరివేపచెట్టు, చెల్లెలి పెండ్లికి వేసిన పందిరి అన్నియు అందులో చేరియుండును. కొనవచ్చినవాడు వానికొరకు రాలేదు. అతనికి కావలసినవి నేల, గోడలు, త్రోవ, నీరు. మన జ్ఞాపకములకు అతనిచేత రొక్కము కట్టించుట న్యాయము కాజాలదు. ప్రభుత్వము నిర్ణయించు మార్గదర్శక విలువ మరియొకటి. 2017 జూన్ నెలలో తమిళనాడు ప్రభుత్వము ఆ విలువలను 33 శాతము తగ్గించినది. ఆనాడు ఏ ఇంటి దూలమును పుచ్చిపోలేదు, ఏ నూతి నీరును ఇంకిపోలేదు. కాబట్టి అది సుంకము కట్టుటకు మాత్రమే కొలబద్ద. ఇక మిగిలినది సంత వెల. అదే వీధిలో అట్టి ఇండ్లు రెండుమూడు ఇటీవల ఎంతకు పోయినవో విచారించి, మన ఇంటికిని వానికిని గల తారతమ్యమును లెక్కించి చెప్పుట తెలివి. మితిమీరి చెప్పినచో ఇల్లు నెలల తరబడి నిలిచిపోవును. నిలిచిన ఇంటిలో ఏదో లోపమున్నదని లోకము అనుకొనును.

రెండవ ప్రశ్న ముస్తాబును గురించినది. అమ్మబోవు ఇంటికి సున్నము కొట్టించుట, విరిగిన గడియను బాగుచేయించుట, పెరటిలోని చెత్తను తీయించుట మర్యాదయే. పెండ్లిచూపులనాడు మంచి బట్టలు కట్టుట మోసము కాదు. ఉన్న జబ్బును దాచుట మోసము. ఈ భేదము చెప్పుటకు సులభమే. ఆచరించుటలో ఎంత కష్టమో మా అనుభవము వలన తెలిసికొంటిమి.

మా తండ్రిగారి ఇల్లు సైదాపేటలో అడయారు నదికి చేరువనున్న ఒక వీధిలో ఉండెడిది. 2015 డిసెంబరు వరదలలో ఆ ఇంట నడుమెత్తున నీరు నిలిచినది. నీరు తీసిన పిమ్మట గోడలన్నిటిమీదను ఒక బురదగీత మిగిలినది. తల్లిగారు పోయిన తరువాత, 2018లో అన్నగారును, మేమును, చెల్లెలును ఇల్లమ్మ నిశ్చయించితిమి. దళారి వచ్చి చూచి, ఆ గీత వరకు గోడలకు పలకలు అంటించి, పైన రెండు పూతలు రంగు వేయించుడని సలహా చెప్పెను. అట్లే చేయించితిమి. మొదట చూడవచ్చిన గృహస్థు తన వృద్ధమాతను వెంటబెట్టుకొని వచ్చెను. ఆమె ఆ పలకలను చేతితో తడవి, శుభ్రముగా నున్నవని మెచ్చుకొనెను. మేము మాటాడలేదు. పది దినములకు వారు వేరొకచోట ఇల్లు కొన్నారని కబురు వచ్చినది. బేరము పోయినందుకు మాకు విచారము కలుగవలసినది. కాని గుండె తేలికపడినది. మేము చేయుచున్న పని ఎట్టిదో ఆ తేలికదనమే మాకు తెలియజెప్పినది.

అన్నగారితో ఈ మాట చెప్పితిమి. "వరద సంగతి దేశమంతటికిని తెలిసినదే. కొనువాడు పొరుగువారిని అడుగరాదా? అడిగినచో మనము అబద్ధమాడము. అడుగనిదానిని చెప్పుట మంచితనము కావచ్చునేమో గాని తెలివి మాత్రము కాదు" అని వారనిరి.

ఈ వాదము మా యింట పుట్టినది కాదు. క్రీ.పూ. 44లో రోమను పండితుడు సిసిరో తన కుమారునికొరకు ధర్మములను గురించి వ్రాసిన గ్రంథములో, లోపములున్న ఇంటిని అమ్మువాని ప్రసక్తియే వచ్చును. అనారోగ్యకరమైన ఇల్లని తనకు తెలియును, లోకమునకు తెలియదు, చెప్పవలెనా? అక్కరలేదని డయోజెనీసు అను గురువు వాదము: కొనుమని ఎవరును బలవంతము చేయలేదు, తన ఇల్లు చెడ్డదని చాటించుకొనుట కంటె వెర్రి వేరొకటి కలదా? చెప్పవలెనని అతని శిష్యుడైన ఆంటిపేటరు వాదము: తెలియక నష్టములో పడుచున్నవానిని చూచుచు ఊరకుండుట, త్రోవ తప్పినవానికి త్రోవ చూపకపోవుట కంటెను చెడ్డది. సిసిరో శిష్యుని పక్షమే వహించెను. ఆ గ్రంథములోనే స్కీవోలా అను పెద్దమనిషి కథయు ఉన్నది. అతడు ఒక భూమిని కొనబోయి, అమ్మువాడు చెప్పిన వెల తక్కువయని లక్ష సెస్టర్సులు అధికముగా ఇచ్చెను. అతడు మంచివాడే గాని తెలివైనవాడు కాడని లోకులనిరట. మంచితనమును తెలివిని ఇట్లు విడదీయుటయే సకలానర్థములకు మూలమని సిసిరో మందలించెను. మా అన్నగారి మాటకు సమాధానము రెండువేల ఏండ్లకు పూర్వమే సిద్ధముగా నున్నది!

మన కౌటిల్యుడు అర్థశాస్త్రమున మరియొక త్రోవ చూపెను. ఇల్లమ్మువాడు నలువది పొరుగు కుటుంబములవారి యెదుట, ఆ ఇంటి ముంగిటనే అమ్మకమును చాటవలెను. వెలను మూడుమారులు పలుకవలెను. కొనువారు పోటీపడి వెల పెంచినచో, పెరిగిన సొమ్ము అమ్మువానికి గాక సుంకముతో కూడ కోశమునకు చేరవలెను. నేడు మనము దీనిని పాటింపలేము. అయినను ఇందులోని ఆంతర్యము గమనింపదగినది: పొరుగువారి యెదుట చెప్పుకొనలేని మాటతో ఇల్లమ్మరాదు. "వేరొకరు రేపే అడ్వాన్సు ఇచ్చెదరు" అని లేని పోటీదారును కల్పించు దళారి మాట పొరుగువారి యెదుట నిలుచునా?

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమును ఈ విషయమున మౌనము వహింపలేదు. అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియక, సామాన్యమైన జాగ్రత్తచే కనుగొనరాని ముఖ్యలోపమును అమ్మువాడు తెలుపవలెనని 55వ సెక్షను విధించుచున్నది. వరద అందరును ఎరిగినదే గనుక మా మౌనము చట్టమునకు లోబడినదేయని ఒక న్యాయవాది వాదింపవచ్చును. కాని ఆ గీతను మేమే పలకలతో కప్పించితిమి. కనుగొనదగిన దానిని కనుగొనరానిదిగా చేసినవాడు, "నీవేల కనుగొనలేదు?" అని అడుగుటకు అర్హుడా?

పిమ్మట వచ్చిన గృహస్థునకు పలకలను చూపి, నీరు ఎంతవరకు నిలిచినదో చెప్పితిమి. ఆయన ఆలోచించి, మేము చెప్పిన వెలలో ఆరు లక్షలు తగ్గించి అడిగెను. ఇచ్చితిమి. అప్పుడు మరియొక చిక్కు కలిగినది. చెల్లెలు ఆ సొమ్ముపై ఆశ పెట్టుకొనియుండెను. మా సత్యమునకు ఆమె రెండు లక్షలు చెల్లించుట న్యాయమా? చాల దినములు ఆలోచించిన మీదట మాకు తోచినదిది. ఆ ఆరు లక్షలు మేము పోగొట్టుకొన్నవి కావు. అవి ఎన్నడును మావి కావు. వరద రాని ఇంటికి తగిన వెల అది. వరద రాని ఇల్లు మాకు లేదు. లేని ఇంటిని అమ్ముటకు ముగ్గురిలో ఎవరికిని హక్కు లేదు. అయినను ఆమె అవసరము నిజమైనది గనుక మా భాగములోనుండి రెండు లక్షలు ఆమెకిచ్చితిమి. అది ధర్మనిర్ణయము కాదు, తోబుట్టువునకు చేయదగిన సాయము మాత్రమే. అన్నగారు దస్తావేజుపై సంతకము చేసిరి గాని, మేము చేసినది తెలివితక్కువయని ఇప్పటికిని అందురు.

అమ్మువాడు సర్వమును చెప్పవలెనని మా అభిప్రాయము కాదు. మనకెంత ధనావసరమున్నదో, ఎంత వరకు దిగగలమో చెప్పనక్కరలేదు; అవి మన సంగతులు. ఇంటి సంగతులు మాత్రము ఇంటితోపాటు కొనువానికి చెందును. తాళపుచెవితోబాటు వానిని కూడ అతని చేతిలో పెట్టుట మన విధి. మనము ఆ వీధిని విడిచి పోవుదుము; రేపు వానకాలమున అర్ధరాత్రి లేచి, గడప దగ్గర దీపము పట్టి నీటిని చూచుకొనవలసినవాడు అతడే.