కిన్నెర పేరు, నా మోజు

మాటల పుట్టుక వెతకడం నాకు వ్యసనం. కిన్నెర అన్న వాద్యం పేరు దగ్గర ఆ వ్యసనాన్ని ఈమధ్య కాస్త నిలదీశాను.

నేను ముందు దేవలోకానికే వెళ్లాను. కిన్నరులు కుబేరుడి కొలువులో ఉండే పాటగాళ్లు. అమరకోశం వాళ్లను తురంగవదనులంది, అంటే గుర్రపు మొహం వాళ్లు. ఆ తర్వాత దేవగిరి. 13వ శతాబ్దంలో అక్కడి శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో కిన్నరీవీణను వర్ణించాడు. అక్కణ్ణుంచి ఏకంగా పడమటి ఆసియా. బైబిల్లో దావీదు మీటిన వాద్యానికి హీబ్రూ పేరు కిన్నోర్. చెవికి రెండూ అన్నదమ్ముల్లా వినిపిస్తాయి. కానీ కిన్నోర్‌కు మెట్లుండవు, చట్రానికి బిగించిన తీగలే. మన కిన్నెర ప్రాణమంతా మెట్లలోనే ఉంది. పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం తేలదని తెలుసు. అయినా ఆ పోలిక చెప్పి నలుగురినీ ఆశ్చర్యపరచడమంటే నాకు సరదా.

ఆ సరదా ఎక్కడిదని తరచి చూసుకుంటే జవాబు ఇబ్బందిగానే ఉంది. పేరు ఎంత దూరం నుంచి వస్తే వాద్యానికి అంత పరువనుకునే బుద్ధి నాది. పాలమూరు పల్లెల్లో మోగితే దానికి చాలదా?

వెదురు దండి, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, పైన తేనెమైనంతో నిలబెట్టిన మెట్లు. వేలు మెట్టు మారగానే తీగ గొంతు మారుతుంది. దానితోపాటు జానపద వీరుడు పండుగ సాయన్న కథ నడుస్తుంది. ఇది డక్కలివాళ్ల వాద్యం. మాదిగలను ఆశ్రయించి బతికిన కులం వాళ్లది, అంటరానితనంలోనూ అట్టడుగు మెట్టు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

కిన్నర పదాన్ని పండితులు 'కిం నరః' అని విడదీస్తారు. ఇతడూ మనిషేనా అని అర్థం. ఈ వ్యుత్పత్తిని చమత్కారంగా ఎన్నోచోట్ల చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా కళ్లముందు మెదిలింది గుర్రపు మొహమే. అదే ప్రశ్నను ఊరు తరతరాలుగా డక్కలివాళ్ల మొహం మీదే అడుగుతూ వచ్చిందన్న తలపు రాలేదు. పురాణంలోని కిన్నరుడి మీద నాకున్న కుతూహలం కిన్నెర పట్టిన మనిషి మీద లేకపోయింది. దీనికి పాండిత్యం అని పేరు పెట్టుకుని తప్పించుకోలేను.

ఇకమీదట కిన్నెర అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ముందు డక్కలివాళ్ల గురించి చెబుతాను. అమరకోశం ఆ తర్వాత. మీరూ ఆ వరసలోనే చెప్పండి.