సన్నాహము ఎవరి ఋణము?

కళాశాలలో కలన గణితమునకు ముందు బీజగణితము, ప్రమేయములు, త్రికోణమితి నేర్పుతారు. ఈ క్రమములో న్యాయమున్నది. కాని మెట్టుగా ఉండవలసినది కొందరికి గోడగా నిలుస్తున్నది. అప్పుడు దోషము ఎక్కలేనివానిదా, మెట్లు కట్టనివారిదా?

ఛత్తీస్‌గఢ్‌లో 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువగా, అడవుల నడుమ ఉన్నది కిష్టారము. ఇంట దోర్లీ, కోయ మాటలు, బడిలో హిందీ, సంతలో తెలుగు వినవచ్చే సీమ అది. 2005 తరువాతి సంఘర్షణ సంవత్సరాలలో ఆ ప్రాంతమున అనేక పాఠశాలలు మూతపడ్డవి. అనేక కుటుంబాలు ఊళ్లు విడిచి గోదావరి వైపు వలసపోయినవి. అట్టి చోటినుండి కళాశాలకు చేరిన యువకునికి బీజగణితము రాదనుట సులభము. అతని చదువుకోవలసిన ఏండ్లు ఏమైనవని అడుగుట కష్టము.

అయితే జాలి గణితమునకు బదులు కాజాలదు. ఒక సంఖ్య 3 నుండి 3.1కి పెరిగితే దాని వర్గము 9 నుండి 9.61కి పెరుగుతుంది, పెరుగుదలల నిష్పత్తి 6.1. పెంపును 0.01 చేస్తే ఆ నిష్పత్తి 6.01, ఇంకను తగ్గిస్తే 6.001. అది 6ను సమీపిస్తున్నదని గ్రహించుటకు కూడికలు, భాగహారములు వచ్చినవాడు చాలును. కాని ప్రతి సంఖ్యకును అట్లే జరుగునని నిరూపించుటకు రెండు పదముల మొత్తపు వర్గమును విస్తరింపగలగాలి. చూపు ముందే కలుగవచ్చును. ఆ చూపును నమ్మదగినదిగా చేసేది సాధన. అందువల్ల సాధనను తప్పించుట విద్యార్థికి ఉపకారము కాదు. సాధన ముగిసేవరకు చూపునే దాచిపెట్టుటయు న్యాయము కాదు.

శాస్త్ర చరిత్ర కూడ ఈ మాటకు సాక్ష్యమిస్తున్నది. న్యూటన్, లైబ్నిట్జ్‌లు 17వ శతాబ్ది ఉత్తరార్ధమున కలనమును నిర్మించారు. దాని పునాదులు గట్టివి కావని బర్క్‌లీ 1734లో ఆక్షేపించాడు. కోషీ 1821లో అవధి భావనను ఆధారముగా చేసి దానిని క్రమపరచాడు. అంటే మహామహులే పునాది ముగియకముందు మేడ ఎక్కి, పిదప దిగివచ్చి దానిని బలపరచుకొన్నారు. కేరళమున జ్యేష్ఠదేవుడు 16వ శతాబ్దిలో మలయాళమున రచించిన యుక్తిభాష సంకలనము, వ్యవకలనముల వంటి తొలి పరికర్మలతో మొదలై అనంత శ్రేఢుల వరకు నడుస్తుంది. ఆ గ్రంథమున మెట్టుకును శిఖరమునకును మధ్య గోడ లేదు.

కాబట్టి సన్నాహము ఇరువురి ఋణము. మూతపడిన బడుల ఏండ్లను తిరిగి చెల్లించుట సమాజము తీర్చవలసినది. చేతికందిన పాఠమును శ్రద్ధతో అభ్యసించుట విద్యార్థి తీర్చవలసినది. మొదటివారు తమ అప్పు తీర్చకుండా రెండవవానిని అనర్హుడనుట, బాకీపడినవాడే ఋణదాతను నిందించినట్లగును. ఆలస్యముగా బయలుదేరినవాడు దారి తప్పినవాడు కాడు.