సారథ్యము – సంసర్గ దోషము

మానవదేహమును రథముగా నిరూపించి చెప్పినది కఠోపనిషత్తు. అందు జీవుడు రథికుడు, శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు. వివేకము గల సారథి ఉన్నవాడే దారి తుదముట్టి శ్రీమహావిష్ణువు పరమపదమును చేరునని శ్రుతి తాత్పర్యము.

మద్యపానము వలని కీడు ఎచ్చట మొదలగునో ఈ రూపకము వలన తెలియును. మద్యము గుఱ్ఱములకంటె ముందు సారథినే పడగొట్టును. కాళ్లు తడబడకమునుపే యుక్తాయుక్త విచక్షణ సన్నగిల్లును. కనుకనే త్రాగినవాడు "నాకేమియు కాలేదు, బండి నడుపగలను" అని నిండు నమ్మకముతో పలుకును. అతడు అబద్ధమాడుట లేదు. తన స్థితిని తాను కొలుచుకొను త్రాసే వంకరయైనది. ఇక తూకము సరియగుట ఎట్లు?

2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున కర్నూలు సమీపమున చిన్నటేకూరు వద్ద జరిగిన ఘోరము తెలుగువారందరి హృదయములను కలచివేసినది. మద్యము సేవించి మోటారు సైకిలు నడిపిన ఒక యువకుడు అదుపు తప్పి పడి మరణించెను. రహదారిపై పడియున్న ఆ వాహనమును హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు బస్సు ఢీకొనగా మంటలు చెలరేగి, నిద్రలోనున్న ప్రయాణికులు 19 మంది ఆహుతియైరి. అగ్ని అంతగా ప్రబలుటకు వేరు కారణములును తోడైయుండవచ్చును. అయినను ఒక్కని మత్తు, అతని ముఖమైన నెరుగని ఎందరి ఇండ్లలోనో దీపములార్పినది.

ఇట్టి వార్త విన్నపుడు త్రాగినవానిని నిందించి ఊరకుండుట సులభము. కాని బుద్ధి తప్పినవానిని బుద్ధి కలిగియుండవలెనని కోరుటలో ప్రయోజనమేమి? ఆ సమయమున బుద్ధి ఎవరియొద్ద నిలిచియున్నదో, బాధ్యతయు వారిపైననే నిలుచును. కావుననే స్మృతికర్తలు సురాపానమును మహాపాతకములలో చేర్చి అంతటితో ఆగక, అట్టి పాతకులతోడి సంసర్గమును ఐదవ మహాపాతకముగా పేర్కొనిరి. నేటి శాసనమును ఇదే త్రోవలో నడచుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 185వ విభాగము ప్రకారము, 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారముండగా వాహనము నడుపుట నేరము. 2019 సవరణ అనంతరము మొదటి తప్పునకు 6 నెలల వరకు కారాగారము గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఆ నేరమునకు తోడ్పడినవానికిని అదే శిక్షయని 188వ విభాగము చెప్పుచున్నది.

శ్రీమద్రామాయణమున రావణునికి హితవు చెప్పినవారిలో ఇద్దరిని ఇచ్చట స్మరింపవలెను. మారీచుడు సీతాపహరణము వలదని ఎంతయో బోధించెను. కాని రావణుడు చంపుదునని బెదరింపగా, తుదకు అతనితోపాటు అదే రథమెక్కెను. విభీషణుడు హితవు చెప్పి, అది చెల్లనపుడు అన్నతో కలిసి నడువక తొలగిపోయెను. హితవు చెప్పుటలో ఇద్దరును సమానులే. రథమెక్కుటలోనే భేదము. మారీచునికి ప్రాణభయముండెను. నేటి యువకునికి అదియును లేదు. మిత్రులు నవ్వుదురేమో అను సంకోచమొక్కటే అతనిని త్రాగినవాని వెనుక కూర్చుండబెట్టుచున్నది.

దండభయము ఒక్కటే చాలదనుటకు మౌసలపర్వమే సాక్ష్యము. ద్వారకలో మద్యము చేయువారికి మరణదండనయని చాటింపు వేయబడెను. పురజనులు దానికి లోబడిరి. కాని ప్రభాస తీర్థమునకు పోయినపుడు యాదవులు శ్రీకృష్ణుని సన్నిధిలోనే త్రాగి, మాటకు మాట పెరిగి, ఒకరినొకరు చంపుకొనిరి. సమీపకాలమున ఆంధ్రదేశములోను ఇట్టి పాఠమే కలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరములు నేర్చుకొనుచున్న గ్రామస్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపబడినది. శాసనము వచ్చును, పోవును. ఊరి జనుల సంకల్పము నిలిచియున్నచోటనే రక్షణ నిలుచును.

అట్టి సంకల్పము నేడు ఏ రూపమున ఉండవలెను? జాతరలకును, పెండ్లి ఊరేగింపులకును యువకులు బండ్లపై వచ్చుట సహజము. భజన మండలివారో, గ్రామ యువజనులో మద్యము ముట్టని నలుగురిని ముందుగా నియమించి, త్రాగి వచ్చినవాని తాళపుచెవిని తీసికొని, అతనిని ఇల్లు చేర్చు ఏర్పాటు చేయవచ్చును. శుభకార్యము చేయు గృహస్థు ఆ భారము తనదేయని తలపవలెను. "ఇది త్రాగుబోతులకు ఊతమిచ్చుట కాదా?" అని కొందరు శంకింతురు. మద్యము అసలు ముట్టకుండుటయే ధర్మము. అందు సందేహము లేదు. కాని నూతిలో పడినవానిని పైకి తీయుట నూతిలో దూకుమని ప్రోత్సహించుట కాదు. వానిని మందలించుటకు రేపటి దినమున్నది. ఈ రాత్రి ప్రాణము నిలుపవలెను.

ఇంటిలోని పెద్దలకును ఒక కర్తవ్యము కలదు. తండ్రి కోపమునకు వెరచి, ఎవరికిని తెలుపక, అర్ధరాత్రి మత్తులోనే బండి నడుపుకొని వచ్చు కుమారులు ఉన్నారు. "ఏ స్థితిలోనున్నను ఫోను చేయుము, వచ్చి తీసికొనిపోదును, మాటలు రేపు" అని తండ్రి ముందే చెప్పియుంచినచో ఆ బండి కదలదు. దోషమున్నను శరణన్నవానిని విడువనని విభీషణుని విషయమున పలికిన శ్రీరామచంద్రుని కొలుచు గృహమున ఈ అభయము కొరవడరాదు.

అలిపిరి దాటి కొండనెక్కు భక్తుడు మద్యమును తాకడు. స్వామి కొండమీదనే కాక క్రింది రహదారులపైనను ఉన్నాడని నమ్మినవానికి దిగివచ్చిన పిమ్మటను ఆ నియమమే చెల్లును. పార్థుని రథమునకు సారథియైన ఆ పరమాత్మ మన బిడ్డల బుద్ధియందు సారథియై నిలిచి, వారిని క్షేమముగా ఇల్లు చేర్చుగాక!