నిర్ణయ మెవరిది? భార మెవరిది?

పాఠశాలకు పెద్దయైనవాడు దినమున కెన్నియో నిర్ణయములు చేయుచుండును. ఏ తరగతికి ఏ ఉపాధ్యాయుని పంపవలెను? ఉన్న కొద్దిపాటి సొమ్మును బల్లలకు వెచ్చింపవలెనా, మరుగుదొడ్లకు వెచ్చింపవలెనా? చదువులో వెనుకబడిన పిల్లవానిని పరీక్షకు పంపవలెనా, వలదా? చూచుటకు ఇవి చిన్న విషయములే. కాని ప్రతిదాని వెనుకను ఒక ధర్మసందేహము దాగియున్నది. నిర్ణయించువా డొకడు, ఆ నిర్ణయభారమును మోయువాడు మఱియొకడు. ఇట్టిచోట నాయకుని యధికారము ఎంతవఱకు చెల్లును? ఉద్దేశము మంచిదైన చాలునా? ఫలితము మంచిదైన చాలునా?

సార్వజనిక విద్యలో నాయకత్వమునకు ప్రాముఖ్యము కలదనుటలో నేడు వివాదము లేదు. కెనెత్ లీత్‌వుడ్ మొదలగు పరిశోధకులు అనేకాధ్యయనములను సమీక్షించి, పిల్లల చదువును ప్రభావితము చేయు పాఠశాలా కారణములలో తరగతి బోధనకు ప్రథమ స్థానమనియు, నాయకత్వమునకు ద్వితీయ స్థానమనియు 2004లో ప్రకటించిరి. నాయకుడు చాలవఱకు తాను పాఠము చెప్పడు. చెప్పువారికి అనుకూలత కల్పించును. అతని మంచిచెడ్డలు ఇతరుల చేతులమీదుగా పిల్లలకు చేరును. ఆ కారణముచేతనే అవి సులభముగా కంటికి కనబడవు. కనబడని దానిని ధర్మదృష్టితో పరీక్షించుట మఱింత యవసరము. ఇందుకు మన గోదావరి సీమ చరిత్రయే రెండు నిదర్శనముల నిచ్చుచున్నది.

ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852 నాటికి పూర్తియయ్యెను. కఱవులకు నెలవైన డెల్టా క్రమముగా పచ్చబడజొచ్చెను. ఆ దశాబ్దముననే రాజమహేంద్రవరమున సబుకలెక్టరుగా నుండిన జి. ఎన్. టైలరు దొర నరసాపురమునందును, ఆ పరిసరములందును పాఠశాలలు నెలకొల్పుటకు పూనుకొనెను. నరసాపురమున ఆయన పేరు గల ఉన్నత పాఠశాల ప్రసిద్ధమైనదే. పిదప గ్రామములందు బడుల పోషణకై రైతులు భూమిశిస్తుతోపాటు కొంత సొమ్ము అదనముగా చెల్లించు ఏర్పాటు జరిగెను. వీనినే రేటుస్కూళ్లనిరి. ఇది రైతులు సమ్మతించి చెల్లించునది యనుటయే దీనికి ఆధారము. కాని అట్టి వసూలునకు చట్టబలము లేకుండెను. దానికి ఆ బలము కల్పించుటకై 1863లో మద్రాసు విద్యాశాసనము పుట్టెను. 1871 నాటి స్థానిక నిధుల చట్టముతో ఈ పద్ధతియే మాఱిపోయెను.

టైలరు ఉద్దేశము మంచిదే. పల్లెపిల్లలు చదువుకొనవలెనని ఆనాడు తలంచిన అధికారులు బహుకొద్దిమంది. అయినను ఒక ప్రశ్న మిగులుచున్నది. శిస్తు వసూలుచేయు అధికారి గ్రామమునకు వచ్చి, "మీకు బడి కావలెనా? కొంత సొమ్ము కూడ కట్టుదురా?" అని యడిగినపుడు, వలదని చెప్పగల రైతెవ్వడు? మనస్ఫూర్తిగా ఔనన్నవారును ఉండియుందురు. దొర మాటకు తలయూపినవారును ఉండియుందురు. వినుటకు రెండు ఔనులును ఒక్కటే. కాదనుటకు వీలులేని చోట ఔనను మాటకు విలువ లేదు. స్వచ్ఛందమనబడిన దానికి శాసనము కావలసివచ్చుటయే ఆ సమ్మతి యెంత బలహీనమైనదో తెలుపుచున్నది.

రెండవ నిదర్శనము కందుకూరి వీరేశలింగము పంతులుగారిది. ఆయన ధవళేశ్వరమున ప్రధానోపాధ్యాయులుగా నుండగా, 1874లో అచ్చటనే బాలికా పాఠశాలను స్థాపించిరి. ఆడపిల్లకు చదువేల యని లోక మనుచున్న దినము లవి. ఊరివారి నందఱిని పిలిచి మతము లెక్కించియుండినచో ఆ బడి తెఱవబడియుండెడిదే కాదు. బహుజన సమ్మతియే ధర్మమునకు ప్రమాణమైనచో పంతులుగారు చేసినది దోషము కావలెను. కాని దానిని దోషమనువారు నేడు లేరు.

పాఠకమహాశయులారా! ఇచ్చట మనము కొంచెము నిలిచి ఆలోచింపవలెను. దొర సమ్మతి నడిగెను. అయినను మనకు సందేహము కలుగుచున్నది. పంతులుగారు లోకసమ్మతికై కాచుకొనలేదు. అయినను మన మనస్సు ఆయన పక్షముననే నిలుచుచున్నది. ఈ భేదమునకు కారణమేమి? ఫలితమందురా? రెండు యత్నములును బడులనే కలిగించినవి. ఉద్దేశమందురా? రెండును మంచివే. భేదమంతయు భారమునందున్నది. టైలరు నిర్ణయభారము రైతు గరిసెపై పడెను. పంతులుగారి నిర్ణయభారము మొట్టమొదట ఆయన నెత్తిపైననే పడెను. నింద తనది, శ్రమ తనది. తరువాతి కాలమున తన యాస్తిని సైతము హితకారిణీ సమాజమునకు సమర్పించిరి. బిడ్డను బడికి పంపిన తల్లిదండ్రులును లోకుల మాట పడవలసియే యుండెను. కాని పంపుటయో మానుటయో వారి చేతిలోనే యుండెను. ఆయన బోధించెను, వాదించెను, వ్రాసెను, నిర్బంధింపలేదు.

దీనినుండి నాకు తోచిన సూత్ర మిది. నాయకుడు లోకముకంటె ముందు నడువవచ్చును. కాని ఆ ముందడుగు వెల తాను చెల్లింపవలెను. ఆ వెలను ఇతరులచే చెల్లింపజేయవలసివచ్చినపుడు, వారు నిర్భయముగా మాటాడునట్లు చేసి, ఆ మాట వినువఱకు నిలువవలెను.

"అందఱి మాటయు వినుచు కూర్చుండిన ఏ పనియు సాగదు, పన్ను లేనిదే ప్రభుత్వ పాఠశాల లేదు" అని కొందఱు ఆక్షేపింపవచ్చును. అది సత్యమే. వినుటయనగా ప్రతివాని యిష్టమును నెఱవేర్చుట కాదు. కాదనువాని కారణమేమో తెలిసికొని, దానికి సమాధానము చెప్పి, ఆ పిమ్మట నిర్ణయించుట. అట్లు చేసిన నిర్ణయము తప్పిపోయినను దిద్దుకొనుటకు వీలుండును. మాట్లాడువారు లేనిచోట తప్పు తప్పుగానే పెరుగును.

ఇది పాతకాలపు చర్చ మాత్రమే కాదు. నేను పనిచేసిన యొక పాఠశాలలో, పదవతరగతి పరీక్షరుసుము చెల్లింపవలసిన దినములలో, గణితమున వెనుకబడిన విద్యార్థుల తల్లిదండ్రులను పిలిపించి, "ఈ యేడు ఆపుడు, పైయేడు ప్రైవేటుగా కట్టించుడు" అని చెప్పుచుండిరి. కొబ్బరికాయలు దింపి జీవించు ఒక తండ్రి చేతులు కట్టుకొని నిలిచి, "ఆయ్, తమరెలా చెబితే అలాగేనండి" అని కాగితముపై వ్రేలిముద్ర వేసెను. ఆ యేడు పాఠశాలకు నూటికి నూఱుపాళ్లు ఉత్తీర్ణత వచ్చెను. ఆ పిల్లవాడు పైయేడు పరీక్షకు రాలేదు. కాగితమును చూచినవారికి అది తండ్రి సమ్మతి. టైలరు దొరయెదుట రైతు పలికిన ఔనునకును దీనికిని భేదమేమి? భేద మొక్కటియే కలదు. దొర కోరినది రైతుబిడ్డ చదువు. ఇచ్చట కోరబడినది పాఠశాల కీర్తి.

సాధనను అంకెలతో కొలుచుట తప్పని నే ననను. కొలువనిదే ఎచ్చట లోపమున్నదో తెలియదు. ఆ కొలతలో ఎవరు లెక్కకు వచ్చుచున్నారు, ఎవరు జారిపోవుచున్నారు అనునదే ప్రశ్న. 2005 మొదలుకొని ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందలి ఐదు జిల్లాలలో ఐదువందల గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను తీసికొని కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను పరిశోధకులు ఒక గొప్ప అధ్యయనము చేసిరి. కొన్ని బడులలో పిల్లల మార్కుల పెరుగుదలనుబట్టి ఉపాధ్యాయులకు పారితోషికమిచ్చిరి. సగటు పెరుగుదల నూటికి 5 పాళ్లు దాటినపిమ్మట, పెరిగిన ఒక్కొక్క పాలునకు 500 రూపాయలు. రెండేండ్లకు ఆ బడుల పిల్లలు గణితమునందును భాషయందును తక్కినవారికంటె స్పష్టముగా ముందుండిరి. పారితోషికము లేకుండ, పిల్లల లోపములను తెలుపు నివేదికలిచ్చి, అప్పుడప్పుడు వచ్చి చూచిపోయిన బడులను గూర్చియు వారు 2010లో ప్రకటించిరి. చూడవచ్చినపుడు ఆ ఉపాధ్యాయులు చుఱుకుగానే కనబడిరి. పిల్లల మార్కులలో మాత్రము మార్పు లేకపోయెను.

ధనాశయే ఉపాధ్యాయుని నడిపించునని కొందఱు దీనికి అర్థము చెప్పుకొందురు. నా దృష్టి నాకర్షించినది ఆ యేర్పాటులోని వేఱొక నియమము. పరీక్షకు రాని పిల్లవాడు లెక్కనుండి తొలగిపోడు. అతడు రాకపోవుట ఉపాధ్యాయుని లెక్కకు నష్టముగనే పరిణమించును. కావున బలహీనుని ఇంటికి పంపి సగటును పెంచుకొనుటకు వీలులేదు. కొలత పెట్టినచోట బలహీనుని తప్పించు బుద్ధి పుట్టునని ముందుగనే యెఱిగి, వారు ఆ ద్వారమును మూసిరి. పైన చెప్పిన పదవతరగతి బడిలో ఆ ద్వారము బార్లా తెఱచియుండెను. అచ్చట ఆపబడిన బాలుడు హారములో లేడు, లవములో లేడు. నూటికి నూఱు అతనిని విడిచి వేసిన లెక్క.

ఇక వినుట ఎట్లు? 2009 విద్యాహక్కు చట్టము ప్రతి ప్రభుత్వ పాఠశాలకును ఒక యాజమాన్య సంఘముండవలెననియు, సభ్యులలో కనీసము నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులో సంరక్షకులో కావలెననియు, సగముమంది స్త్రీలు కావలెననియు విధించినది. చట్టము కుర్చీ వేసినది. కూర్చున్నవారికి గొంతు నిచ్చుట నాయకుని పని. సమావేశపు పుస్తకమును ఇంటికి పంపి సంతకములు తెప్పించుకొనినచో అది వ్రేలిముద్రల ధర్మమే యగును. కూలికి పోవు తల్లికి వీలగు వేళను సమావేశము పెట్టుట, లెక్కలు గట్టిగా చదివి వినిపించుట, మొదట మాటాడుటకు వెనుకబడిన పిల్లల తల్లిదండ్రులనే పిలుచుట — వీనికి ప్రత్యేకముగా నిధు లక్కఱలేదు.

మన పెద్దలు పనిని కాయకమనిరి. శ్రమ తనకు, ఫలము పదుగురకు చేరినపుడే పని కాయకమగును. ప్రధానోపాధ్యాయుని పదవికిని ఇదియే కొలత. ఫలము తనకు, భారము పేదవాని బిడ్డకు చేరినచో, అది ఎంత ఘనమైన ఫలితమైనను అధికారమే కాని కాయకము కాదు. కావున నిర్ణయము చేయబోవు ప్రతి పెద్దయు సంతకమునకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనునుగాక: దీని వెల ఎవరు చెల్లింతురు? ఆ చెల్లించువానికి నా యెదుట కాదనుటకు ధైర్యము కలదా? రెండవదానికి లేదని సమాధానము వచ్చినచో, కలము క్రింద పెట్టి ఆ మనిషిని కూర్చుండబెట్టి మాటాడవలెను.