ఆముదపు కట్టె నిప్పు



ఈసారి ఒక చిన్న పని చెప్పి మొదలుపెడతాను. బాగా ఎండిన మెత్తటి కట్టె పలక ఒకటి, చిటికెనవేలంత లావున్న తిన్నటి పుల్ల ఒకటి తీసుకోండి. పలక అంచుకు దగ్గరగా చిన్న గుంట చేసి, ఆ గుంట నుంచి అంచుదాకా గాడి కొయ్యండి. పుల్లను గుంటలో నిలబెట్టి, రెండు అరచేతుల మధ్య పెట్టుకొని, కిందికి నొక్కుతూ మజ్జిగ చిలికినట్టు తిప్పండి. మొదటి రోజు మీకు వచ్చేది నిప్పు కాదు, బొబ్బలు. రెండో రోజు పొగ వస్తుంది. పొగ చూసి సంబరపడి చెయ్యి ఆపారా, కట్టె చల్లబడిపోతుంది. మళ్ళీ మొదటి నుంచీ తిప్పాల్సిందే.

రాపిడికి కట్టె అరిగి పొడి అవుతుంది. ఆ పొడి మాడి, నల్లబడి గాడిలో కుప్పపడుతుంది. చెయ్యి ఆపినా ఆ కుప్పలోంచి పొగ వస్తూనే ఉంటే లోపల కణిక పుట్టినట్టు. దాన్ని ఎండు పీచులోకి మెల్లగా వంచి, మెల్లగా ఊదాలి. గట్టిగా ఊదితే చెదిరిపోతుంది.

అగ్గిపెట్టె ఉండగా ఈ తిప్పలు ఎందుకు అంటారా? రుద్ది వెలిగించే అగ్గిపుల్ల ఇంగ్లండులో అమ్మకానికి వచ్చిందే 1827లో. మన పల్లెలకు ఇంకా ఎంతో ఆలస్యంగా చేరింది. అంతకుముందు పొయ్యి ఆరిపోతే పొరుగింటికి పోయి నిప్పు తెచ్చుకోవాలి. మన వాడలోనే దొరికితే సరే. లేకపోతే ఎవరి గడప ముందు, ఎంత దూరాన నిలబడాలి? మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఉంటే అడగండి. వాళ్ళు ఏం చెబుతారో కూర్చొని వినండి.

ఇప్పుడు అస్సలాయన సుత్తానికి వద్దాం. మజ్ఝిమ నికాయంలో 93వది. అస్సలాయనుడు పదహారేళ్ళ కుర్రాడు, మూడు వేదాలూ చదివినవాడు. సావత్థిలో దిగిన 500 మంది బ్రాహ్మణులు అతన్ని బుద్ధుడి మీదికి వాదానికి పంపుతారు. పాపం, నాతో కాదని ముందు రెండుసార్లు తప్పుకున్నాడు కూడా. వాళ్ళ వాదం మనకు తెలిసిందే: బ్రాహ్మణుడే శ్రేష్ఠుడు, మిగతావాళ్ళు హీనులు.

బుద్ధుడు అతన్ని ఒక పోలికతో అడుగుతాడు. ఒక రాజు నానా జాతుల మనుషులను వందమందిని పిలిపించాడనుకో. క్షత్రియ, బ్రాహ్మణ కులాలవాళ్ళకు టేకో, సాలవృక్షమో, గంధపు చెక్కో ఇచ్చి నిప్పు పుట్టించమన్నాడు. చండాలురు, వేటగాళ్ళు, వెదురు పనివాళ్ళు, రథాలు చేసేవాళ్ళు, పుల్కసులు, వీళ్ళకు కుక్కల తొట్టి చెక్క, పందుల తొట్టి చెక్క, చాకలి తొట్టి చెక్క, ఆముదపు కట్టె ఇచ్చాడు. గంధపు చెక్కలో పుట్టిన నిప్పుకే మంటా, రంగూ, వెలుగూ ఉంటాయా? నిప్పుతో చేసే పనులు దానితోనే అవుతాయా? ఆముదపు కట్టె నిప్పుతో కావా? కాదు, రెండూ ఒకటేనని అస్సలాయనుడు ఒప్పుకోక తప్పలేదు.

బుద్ధుడు కట్టెలు ఎంచిన తీరు చూడండి. యజ్ఞానికి నిప్పు పుట్టించే అరణికి ఫలానా చెట్టే కావాలన్న పట్టింపు ఉన్న సమాజం అది. ఆ సమాజం ముందు పందుల తొట్టి చెక్క పెట్టాడాయన. నాకింకో సంగతి కూడా నవ్వు తెప్పిస్తుంది. అడవిలో ఈ పని చేసేవాళ్ళు గట్టి కట్టె కోసం చూడరు, తేలికైన మెత్తటి కట్టె కోసం వెతుకుతారు.

అస్సలాయనుడు చివరికి శరణు కోరాడు. మరి మన ఊళ్ళు 2,500 ఏళ్ళయినా ఎందుకు ఒప్పుకోలేదు? రుజువు తెలియక కాదు. ఏ పొయ్యి మీద వండినా అన్నం ఉడుకుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు. కులం ఇటుక గోడ కాదు, అది మనసులో ఉండే స్థితి అని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పింది ఇందుకే. మనసులో ఉన్నది ఒక్క రుజువుతో పోదు.

ఇక్కడ ఇంకో సుత్తం కావాలి, మహాసచ్చక సుత్తం. బోధికి ముందు ఉరువేలలో తనకు తోచిన మూడు పోలికలు బుద్ధుడు అందులో చెబుతాడు. నీళ్ళలో పడున్న పచ్చికట్టె. నీటికి దూరంగా గట్టు మీద ఉన్నా పసరు ఆరని పచ్చికట్టె. గట్టు మీద ఎండిన కట్టె. నిప్పు మూడోదానిలోనే పుడుతుంది. ఆయన చెప్పింది కోరికల గురించి. నేను దాన్ని మన మీద పెట్టి చూస్తున్నాను.

1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ మన చెయ్యి పట్టి నీళ్ళలోంచి గట్టుకు లాగారు. 22 ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమని నమ్ముతానన్నది ఒకటి, ఆ సమానత్వం కోసం పాటుపడతానన్నది ఇంకొకటి. ఇప్పుడు మనం గట్టు మీదే ఉన్నాం, సందేహం లేదు. కానీ పసరు? విహారంలో పక్కపక్కన కూర్చొని త్రిశరణం చెబుతాం. సంబంధం మాట వచ్చేసరికి "వాళ్ళు మనోళ్ళేనా?" అని గొంతు తగ్గించి అడుగుతాం. మాల, మాదిగ అన్న ఆ లెక్క మన నోట వచ్చినప్పుడు, గంధపు చెక్క గొప్పదన్నవాడికీ మనకూ తేడా ఎంత? నన్ను మినహాయించుకొని ఈ మాట అనడం లేదు.

ఒక్క ధైర్యం ఉంది. పచ్చిదనం చెట్టు జాతి కాదు. ఏ కట్టె అయినా నీళ్ళలో ఉంటే తడుస్తుంది, ఎండలో ఉంటే ఆరుతుంది. అయితే ఆరాలని కోరుకుంటే సరిపోదు. భూమిజ సుత్తంలో బుద్ధుడు ఈ మాట తేల్చేశాడు: తడికట్టెను చిలికేవాడు మొక్కుకొని చిలికినా, మొక్కుకోకుండా చిలికినా నిప్పు రాదు. ఎండుకట్టెను సరిగ్గా చిలికితే, మొక్కినా మొక్కకపోయినా వస్తుంది. మన పూజలు మానేశాం గానీ, జయంతినాడు దండ వేస్తే చాలనుకోవడం కూడా అలాంటి మొక్కే కదా?

వచ్చే ఆదివారం విహారంలో పిల్లల చేత ఇది చేయించండి. ఎండు గడ్డి దగ్గర వద్దు, బకెట్టు నీళ్ళు పక్కన పెట్టుకోండి. ఆముదపు పుల్ల ఒకటి, పచ్చిది ఒకటి ఇవ్వండి. అలసినవాడి చేతి నుంచి పుల్ల చల్లబడకముందే పక్కవాడు అందుకోవాలి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో మాత్రం మీరు చెప్పకండి.