దయా? ఋణమా?

వికలాంగుడికి సంఘం చేసే వైద్యసహాయం దయాధర్మమా, తీర్చవలసిన ఋణమా? ఇది వట్టి నీతిశాస్త్ర చర్చ కాదు. మనం చెప్పే జవాబునుబట్టే ఆసుపత్రి తలుపు ఎంతమేర తెరుచుకోవాలో నిర్ణయమౌతుంది. ఈ ప్రశ్నను నేను నల్లగొండ జిల్లా దృష్ట్యా పరిశీలించదలిచాను. ఎందుకంటే ఇక్కడ వైకల్యం విధివశాన వచ్చింది కాదు, తాగిన నీళ్ళనుంచి వచ్చింది.

మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల భూగర్భజలంలో ఫ్లోరైడు ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగరాదు. ఏళ్ళతరబడి తాగితే కీళ్ళు బిగుసుకుంటాయి, వెన్ను వంగుతుంది, పిల్లల కాళ్ళు వంకరపోతాయి. 1940లలో, నిజాం పాలనలోనే, ఈ వ్యాధిని గుర్తించారు. పటికా సున్నమూ వేసి నీటిని శుద్ధిచేసే విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరు స్థిరపడింది. జిల్లా పేరు శాస్త్రగ్రంథాల కెక్కింది. జనం మాత్రం ఆ నీళ్ళే తాగుతూ వచ్చారు. 2003లో అంశాల స్వామిని ఢిల్లీ తీసుకువెళ్ళి ప్రధాని వాజ్‌పేయి ఎదుట చూపవలసివచ్చింది. 2016లో మిషన్ భగీరథ ఆరంభమై ఊళ్ళకు కృష్ణా నీరు వచ్చింది. 2020లో రాష్ట్రంలో ఫ్లోరైడు పీడిత జనావాసాలు లేవని కేంద్రం ప్రకటించింది. ఇది పోరాడి సాధించుకున్న విజయం, సందేహం లేదు. కాని ఆ ప్రకటన ఊరిని గురించి, మనిషిని గురించి కాదు. మంచినీరు పుట్టబోయే బిడ్డ ఎముకను కాపాడుతుంది. వంగిన ఎముకను చక్కచెయ్యలేదు.

ఆ మనిషికి ఏమున్నది? ఆరోగ్యశ్రీ ఉన్నది. 2007లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో దాని పరిమితి పదిలక్షలకు పెరిగింది. గుండె ఆపరేషనుకు భూమి అమ్ముకోవలసిన రైతును అది ఆదుకున్న మాట నిజం. అయితే దాని తర్కం చూడండి. జబ్బును అది ఒక సంఘటనగా భావిస్తుంది: ఆసుపత్రిలో చేరటం, చికిత్స, ఇంటికి రావటం. కీళ్ళు బిగిసిన మనిషికి అలాంటి ముగింపు లేదు. అతనికి కావలసింది రోజూ నొప్పి మాత్ర, వ్యాయామ చికిత్స, పట్నానికి ఆటో కిరాయి, లేపి కూర్చోబెట్టే చెయ్యి. కేంద్రప్రభుత్వపు నిరామయ బీమా మొత్తం లక్ష రూపాయల పరిమితిలో ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యాన్నీ కొంతమేర భరిస్తుంది. కాని ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు గలవారికే అది వర్తిస్తుంది. ఎముకల వైకల్యం ఒక్కటే అయితే అర్హత లేదు.

ఇక లేపి కూర్చోబెట్టే చెయ్యి ఎవరిది? తల్లిది, భార్యది, బడి మానేసిన చెల్లెలిది. వికలాంగుడికి 40 శాతం, 80 శాతం అని ధ్రువపత్రం ఉంటుంది. కూలి మానుకొని ముప్పై ఏళ్ళు మొయ్యటంవల్ల నడుము పోయిన తల్లికి ఏ శాతమూ లేదు. ఆమె శ్రమను మమకారం అంటాం. మమకారానికి కూలి కట్టనక్కరలేదు గదా!

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ సంగతి గ్రహించకపోలేదు. ఎక్కువ తోడ్పాటు అవసరమైనవారికి సంరక్షకుల భత్యం, ఇతర బీమాలు వర్తించనివారికి సమగ్ర బీమా అందులో ఉన్నాయి. అయితే ఈ పథకాలను ప్రభుత్వం తన ఆర్థికశక్తి పరిమితికి లోబడి రూపొందించాలని అదే సెక్షను అంటుంది. షావుకారుకు రాసే నోటులో “నా శక్తికి లోబడి తీరుస్తాను” అని మన రైతు రాస్తే చెల్లుతుందా? దానకర్తకే ఆ వెసులుబాటు, ఋణగ్రస్తుడికి లేదు. హక్కు అని పేరుపెట్టి దానం షరతు రాయటమే ఇక్కడి అసలు వైరుధ్యం.

ఖజానాకు హద్దు లేదా అని అడగవచ్చు. ఉంది. కాని ఖర్చు లేకుండా పోవటం లేదు. ఖజానా మొయ్యనిది ఆ తల్లి నడుము మోస్తున్నది. వాదం ఖర్చును గురించి కాదు, ఎవరు భరించాలన్నదాన్ని గురించి.

సాహిత్యం బోధించే నాకు కరుణరసం మీద గౌరవం ఉంది. కాని కరుణ చూసేవాడి గుండెలో పుట్టి అక్కడే శాంతించగలదు. ఋణం అలా శాంతించదు. విషజలమని తెలిసీ దశాబ్దాలపాటు తాగనిచ్చిన సంఘం ఈ జిల్లా ఎముకలకు బాకీ పడింది. ఊళ్ళకు మంచినీళ్ళు ఇచ్చినంతమాత్రాన ఆ బాకీ చెల్లిపోదు. అక్కడినుంచే చెల్లింపు మొదలుకావాలి.